ఖమైస్ బాబాయ్ వంకర గోడ

మహ్దియా ఊరంతా గాలించినా, ఎవరి కొలతనూ నమ్మని మనిషి మా ఖమైస్ బాబాయ్ ఒక్కడే. టమాటాలు తూచి ఇస్తే మళ్లీ తూచమంటాడు. దర్జీ చొక్కాకి కొలత తీస్తే టేపు చివర అరిగిపోయిందంటాడు. రంజాన్‌లో మసీదు పిలుపు విని ఊరంతా ఖర్జూరం నోట్లో వేసుకుంటే, ఈయన మేడెక్కి సూర్యుడు నిజంగా మునిగాడో లేదో చూసొచ్చేవాడు. ఈలోగా సూపు చల్లారిందని పిన్నిని తిట్టేవాడు.

అలాంటివాడికి, కొడుకు పెళ్లిలోగా ఖాళీ స్థలంలో ఇల్లు కట్టాలని బుద్ధి పుట్టింది. మేస్త్రీని నేను. నా ఖర్మ.

"సర్వే కాకుండా ముగ్గు పోశావో, చేతులు విరుస్తా లజ్హర్" అన్నాడు.

ఆ స్థలానికి ఒకవైపు నాగజెముడు కంచె. కంచె అవతల మన్నూబియా అక్క మట్టి పొయ్యి. మొగుడు పోయాక ఆ పొయ్యి మీద రొట్టెలు కాల్చి అమ్ముకునే బతుకుతోంది. పక్కింటి కోడి తన పెరట్లో గుడ్డు పెడితే, చెప్పులేసుకుని వెళ్లి ఇచ్చొచ్చే మనిషి. "నాది కానిది నాకొద్దు" అనేది ఆమె ఊతపదం.

బాబాయ్ రోజూ ఆమె రొట్టె కొని, వాసన చూసి మొహం చిట్లించేవాడు.

"మాడింది. గాడిద కూడా తినదు."

"మరి రోజూ ఎందుకు కొంటావయ్యా?"

"గాడిదకి చూపించి అడుగుదామని!"

మొదటి సర్వేయర్ వచ్చాడు. కొలిచి, బాబాయ్ చెవిలో ఏదో చెప్పాడు. అంతే, బాబాయ్ అగ్గి మీద గుగ్గిలమైపోయాడు.

"మళ్లీ కొలువు! నీ మూడు కాళ్ల పీటకి ఒక కాలు కుంటిది!"

మళ్లీ కొలిచినా అదే మాట. పొమ్మన్నాడు. రెండోవాడినీ, "నీ అద్దం నిండా నీ వేలిముద్రలే" అని తరిమేశాడు. పెళ్లి దగ్గర పడుతోంది, దింపిన ఇటుకల సందుల్లో గడ్డి మొలుస్తోంది. ఇంత పనికిమాలిన ముసలాణ్ని నా జన్మలో చూడలేదు.

మూడోసారి హాజర్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె యంత్రం ఉపగ్రహాలతో మాట్లాడి కొలుస్తుందట.

"మేడ మీద ఆరేసిన నా లాగు ఎక్కడుందో నాకే కనపడదు. అంత పైనించి నా నేల కనపడిందా? మళ్లీ కొలువు!"

ఆమె బెదరలేదు. "ఎన్నిసార్లు కొలిచినా ఇంతే బాబాయ్. ముందొచ్చినవాళ్లూ ఇదే చెప్పుంటారు. కంచె ఏటేటా పాకుతూ మీ నేలలోకి వచ్చేసింది. ఆ రొట్టెల పొయ్యి మీ స్థలంలోనే ఉంది."

"మెల్లగా మాట్లాడు తల్లీ!" బాబాయ్ కంచె వైపు తొంగిచూశాడు. "ఆమె చెవిన పడిందంటే ఇప్పుడే గునపం తెచ్చి పొయ్యి పగలగొట్టేస్తుంది. ఉండనీ అంటే దానమా అని నా మొహాన కొడుతుంది. ఆమె కూడే అది. కంచే హద్దని రాసెయ్, నీకు పుణ్యముంటుంది."

పక్కనే సున్నం కలుపుతున్న నా చేతులు ఆగిపోయాయి.

"అబద్ధం రాయలేను. కానీ మీ నేలలో గోడ ఎంత లోపలికి కట్టుకున్నా అడిగేవాళ్లు లేరు" అంది హాజర్.

బాబాయ్ నావైపు తిరిగాడు. ఆ చూపు చూడగానే నా పరువుకి నీళ్లొదులుకున్నాను.

గోడ తిన్నగా వచ్చి, పొయ్యి ఉన్నచోట కంచెని తప్పించుకుంటూ నడుం వంచి, కాబోయే కోడలి వంటింట్లోకి దూరింది. వీధంతా పళ్లికిలించింది. మన్నూబియా అక్క పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"అదేం గోడ లజ్హర్? పాముని చూసి కట్టావా?"

నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అందుకున్నాడు. "సర్వేయర్లని మార్చాను గానీ ఈ గాడిదని మార్చలేదు! కొలత తప్పి నా కొంప ముంచాడు!"

ఒకే మనిషిని పీక నొక్కాలనీ, ముద్దు పెట్టుకోవాలనీ ఒకేసారి అనిపించడం నాకు అదే మొదలు. తప్పు నాదేనన్నట్టు తల దించుకున్నాను.

అక్క గుండె కరిగిపోయింది, ఆయన కోసం. వెళ్లి పొయ్యిలోంచి వేడి రొట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తిను బాబాయ్, దిగులుపడకు." తర్వాత నావైపు తిరిగి వేలు చూపించింది. "ఇంకోసారి కట్టేటప్పుడైనా మళ్లీ కొలిచి చావు, నాయనా!"

ఆమె వెనక నిలబడి, మాడిన రొట్టెను ఆవురావురుమని నములుతూ, ఖమైస్ బాబాయ్ బుద్ధిగా తలూపాడు.