నిటారు గారి మూడు ప్రశ్నలు

కూర్చోగలిగిన మనిషి నిలబడే ఎందుకు మాట్లాడాలన్నది చరిత్రకారులు ఇంకా తేల్చని విషయం. మా వీధిలో మటుకు ఆ యుగం ఎప్పుడు మొదలైందో వివాదం లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరైన మర్నాడే మా నిటారు గారు కుర్చీలను బహిష్కరించాడు. కూర ఏం వండాలన్న చర్చకు కూడా భార్యనీ కూతుర్నీ ఫ్రిజ్ ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు వేసేవాడు: నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డంకి ఏమిటి?

"అడ్డంకి మీరే. ఫ్రిజ్ తలుపు తియ్యనివ్వండి" అనేది భార్య. ఆ జవాబును ఆయన ఏనాడూ చీటీ మీదికి ఎక్కించలేదు.

చీటీల సంగతి చెప్పాలి. ఆయన పద్ధతి పేరు ఎజైల్. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పసుపు చీటీ మీద రాసి బోర్డుకి అంటించి, రోజూ కాసేపు నిలబడి మాట్లాడుకుని, తప్పయితే వెంటనే దిద్దుకోవడం. దీనికి పెద్దన్నగారు డిజైన్ థింకింగ్: మనకు తోచింది చెయ్యకుండా, కష్టంలో ఉన్నవాళ్లకి ఏం కావాలో వాళ్లనే అడిగి, నమూనా చేసి చూపి, పనికిరాకపోతే మార్చడం. వీధిలో ఆయన్ని "నిటారు" అనేవాళ్లు. ఎదురుపడితే "మేనేజరు గారూ" అనేవాళ్లు.

ఇంతలో వరద వచ్చింది. ఏటి పక్క ఇళ్లు నడుములోతు మునిగాయి. నీరు తీశాక గోడలు పగుళ్లిచ్చాయి. అక్కడివాళ్లందరికీ హైస్కూల్లో చోటిచ్చారు. వాళ్లలో నిటారు సొంత అక్క ఉంది. ఒంటి మనిషి, బట్టలు కుట్టి బతుకుతుంది.

"మా ఇంటికి వచ్చెయ్యక్కా" అన్నాడు.

"మీ ఇంట్లో నిలబడే ఓపిక నాకెక్కడిదిరా, మోకాళ్ల నొప్పులు" అంది అక్క.

దాంతో ఆయన సెలవు పెట్టి, ఆఫీసు జట్టుతో సహా స్కూల్లో దిగాడు. వరండా చివర నీడా మేకూ రెండూ ఉన్న గోడ కనిపిస్తే బోర్డు తగిలించాడు. పొద్దున్నే పదిమంది మగాళ్లు దాని ముందు నిలబడేవాళ్లు. న్యాయంగా చెప్పుకోవాలంటే పనులు బాగానే జరిగాయి. ఫోన్లకి ఛార్జింగ్, పిల్లల పాలకి వేడినీళ్లు, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య తెరలు. తెరలు మొదట పొట్టివైతే మర్నాటికి పొడుగువి వచ్చాయి.

ఒక్క చీటీ మాత్రం బోర్డు దిగలేదు: "అక్క ఇంటికి వెళుతోంది."

తెల్లారగానే ఆమె మాయమయ్యేది. ఇంజనీరు ఎర్రరంగుతో గుర్తు పెట్టి, ఎవరూ లోపలికి వెళ్లొద్దన్న ఇంట్లోకే వెళ్లేది. వెనక గోడ ఇవాళో రేపో అన్నట్టుంది.

"ఎందుకక్కా వెళుతున్నావు?" అని మీటింగులో అడిగాడు నిటారు.

అక్క ఆ పదిమందినీ ఓసారి కలయజూసి, "ఊరికే, ఇల్లు చూసుకోడానికి" అంది.

ఈ "ఊరికే"ను జట్టు లోతుగా విశ్లేషించింది. కుట్టుమిషన్ మీద బెంగ అని తేల్చి, దాన్ని మోసుకొచ్చి ఆమె తెర వెనక పెట్టింది. అక్క ఎంతో సంతోషించింది, మర్నాడు పొద్దున్నే ఇంటికి వెళ్లింది. గోలకి నిద్ర పట్టడం లేదేమోనని చోటు మార్చారు. అయినా వెళ్లింది.

చివరికి నిటారు అడగడం మాని ఆమె వెనకాలే నడిచాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల పెచ్చు ఊడిపడిన చప్పుడు.

"అక్కా!"

"వస్తున్నా ఉండరా, ఊరంతా వినేట్టు ఆ కేకలేమిటి?"

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది.

"స్నానానికా! స్కూల్లో ఆడవాళ్లకి స్నానాల గదులూ మరుగుదొడ్లూ ఉన్నాయిగా? కొత్త గొళ్లాలు కూడా పెట్టించాను."

"పెట్టించావు. ఆ తలుపుల ముందే కదూ నువ్వు సభ తీర్చేది? పదిమంది మగాళ్లు చీటీలు చదువుతుంటే, తువ్వాలు భుజాన వేసుకుని 'కాస్త జరగండి బాబూ' అంటూ మధ్యలోంచి వెళ్లమంటావా?"

"పావుగంట మీటింగే కదక్కా."

"నీ పావుగంట సంగతి మీ ఆవిణ్ణి అడుగు. ఎండెక్కినా కదలరు."

"ఆరోజు అడిగాను, చెప్పొచ్చుగా?"

"ఎక్కడ అడిగావు? అక్కడే, వాళ్లందరి ముందే. ఏమని చెప్పను?"

"మరి మిగతా ఆడవాళ్లు?"

"నీళ్లు తాగడం తగ్గించేశారు."

నిటారు అరుగు మీద కూలబడ్డాడు.

"లే, గోడ మీద పడుతుంది" అంది అక్క.

మర్నాటి నుంచి ఆమె ఇంటికి వెళ్లలేదు. వారం తిరక్కుండానే ఓ పొద్దున ఆ ఇంటి వెనక గోడ స్నానాలగది మీదికి కూలింది. ఆ సమయానికి అక్క స్కూల్లో మిషన్ ముందు కూర్చుని తెరలకి అంచులు కుడుతోంది.

తర్వాత ఈ పద్ధతిని మిగతా చోట్ల అమలు చెయ్యడానికి పెద్ద ఆఫీసుల నుంచి మనుషులొచ్చారు. నిటారు బాణాలతోనూ వలయాలతోనూ బొమ్మలు గీసి గంటసేపు వివరించాడు, నిలబడే. వచ్చినవాళ్లలో ఒకావిడ పెన్ను తీసి, "అసలు మలుపు ఎక్కడ వచ్చింది సార్?" అని అడిగింది.

ఆయన ఓసారి బాణాల వంక చూశాడు.

"బోర్డు సైకిల్ షెడ్డులోకి మార్చామండీ" అన్నాడు.