ఎర్ర మాసిక

మా పిన్ని వాతావరణ ఆఫీసులో ప్యూను. ఊళ్ళో అందరూ ఆమెను వానమ్మ అనేవారు. మా దీవి నడిమధ్యన కొండ ఉంది. దాని శిఖరం మీద వర్షమాపకం ఒకటి పాతారు: పైన గరాటు, కింద తాళం వేసిన డబ్బా. ప్రతి సోమవారం తెల్లవారగానే బయలుదేరి, నాలుగు గంటలు ఎక్కి, వారమంతా డబ్బాలో పడ్డ నీళ్ళను గీతలున్న గాజు జాడీలో పోసి కొలిచి, పుస్తకంలో రాసుకుని, డబ్బా తుడిచి తాళం వేసి, సాయంత్రం నాలుగింటికి దిగి రావడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళు చేసింది. పెళ్ళి మాటెత్తితే, "సోమవారం కాకుండా ఏ రోజైనా పెట్టండి" అనేది. ఆ రోజు ఎప్పుడూ రాలేదు. మాతోనే ఉండేది.

అమ్మ ముందు గదిలో బట్టలు కుట్టేది. పిన్ని పసుపు రెయిన్‌కోటు ముళ్ళకు తగిలి వీపు మీద చిరిగితే, చేతికందిన ఎర్ర గుడ్డతో మాసిక వేసింది. "దూరం నుంచి నువ్వెక్కడున్నావో తెలుస్తుందిలే" అంది.

ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. అయినా వరసగా మూడు సోమవారాలు పిన్ని పుస్తకంలో సున్నా రాసింది. డబ్బా పొడిగా ఉంది. తాళం వేసినట్టే ఉంది.

ఆఫీసరు ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, కొండెక్కుతున్నావా, కింద టీ కొట్టులో కూర్చుని రాస్తున్నావా?"

పిన్ని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అమ్మ విషయం రాబట్టి, "ఈసారి నేనొస్తా. నా కళ్ళతో చూసి నేనే చెప్తా ఆయనకి" అంది.

"నీ మోకాళ్ళు సహకరించవక్కా."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే."

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. మొదటి రెండు గంటలూ అమ్మ తిట్టుకుంటూనే ఎక్కిందట. చెట్ల వేళ్ళ మీద కాలు జారడం, జలగలు, చెట్ల నుంచి మెడ మీద పడే నీళ్ళు. ఆపైన మబ్బులోకి వెళ్ళారు. పది అడుగుల అవతల ఏమీ కనబడదు. పక్షి కూత కూడా లేదు. అక్కడ పిన్ని జలగను పీకేసుకోవడానికి ఒక రాయి మీద కూర్చుని, "నువ్వు నడుస్తూ ఉండు, దారి ఒక్కటే" అంది.

అమ్మ కొంత దూరం వెళ్ళాక ముందు పసుపు కోటు కనిపించింది. పిన్నే ఏదో అడ్డదారిన తనను దాటేసిందనుకుంది. "చెప్పి పోవచ్చు కదే" అని గొణిగి వెనకే నడిచింది. దారిపొడుగునా మాట్లాడింది: కుట్టాల్సిన బట్టల గురించి, నా చదువు గురించి. ముందున్న మనిషి పలకలేదు. కానీ ప్రతి మలుపు దగ్గరా ఆగి, అమ్మ అందుకున్నాకే కదిలింది.

శిఖరం మీద ఆ మనిషి వర్షమాపకం దగ్గర వంగి ఏదో పారబోసి, గుడ్డతో నింపాదిగా తుడుస్తోంది. అప్పుడు వెనక నుంచి రొప్పుతూ గొంతు వినబడింది.

"అక్కా, కాస్త ఆగవే. ఎన్నిసార్లు పిలిచాను."

అమ్మ వెనక్కి తిరిగింది. మబ్బులోంచి పిన్ని పైకి వస్తోంది, చెమటతో తడిసి. మళ్ళీ ముందుకు తిరిగితే వర్షమాపకం దగ్గర ఎవరూ లేరు. శిఖరానికి అవతల వైపు దారి లేదు. నిట్టనిలువు లోయ, దాని కింద సముద్రం.

పిన్ని తాళం తీసింది. డబ్బాలో చుక్క నీళ్ళు లేవు. అడుగున తడిగుడ్డతో తుడిచిన చారలు ఇంకా ఆరలేదు.

మబ్బు దాటి కిందికి వచ్చేదాకా అమ్మ పిన్ని చెయ్యి వదల్లేదట. ఎండ తగిలాక చూసినదంతా చెప్పింది.

"అలాంటి కోటు ఇంకెవరికైనా ఉండొచ్చు. మాసిక నాదే. నా కుట్టు నాకు తెలీదా?"

పిన్ని "మొహం చూశావా?" అంది.

"లేదు. వీపే."

"నేనూ వీపే చూశాను, ఇన్నేళ్ళూ."

అమ్మ ఆగిపోయింది. "ఎప్పట్నుంచే?"

"ఉద్యోగంలో చేరిన రెండో ఏటి నుంచి. అప్పట్లో చాలా పైన, చుక్కలా కనబడేది. నేను ఏ బట్టలు కట్టుకుంటే అవే. ఏటేటా దగ్గరికొచ్చింది. ఇప్పుడు నాకంటే ముందే పని కానిచ్చేస్తోంది."

"ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే మాన్పించేస్తారు. నేను మానేస్తే ఆ పని మొత్తం దానిదైపోతుంది."

మర్నాడు అమ్మ ఆఫీసుకు వెళ్ళి, డబ్బా ఖాళీగా ఉండటం తను చూశానని మాత్రం చెప్పింది. ఆఫీసరు డబ్బాకు చిల్లు పడిందేమోనని కొత్తది వేయించాడు.

ఆ తర్వాతి సోమవారం పిన్నిని వెళ్ళొద్దని అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పిన్ని పక్కనుంచి దూరి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పినదే నాకు తెలుసు. చివరి ఎత్తు ఎక్కబోతుంటే ఆ మనిషి కనిపించిందట. పిన్ని కొత్త తాళంచెవి చేత్తో పట్టుకుని, ఆఫీసులో తోటి ప్యూనుతో మాట్లాడినట్టే, "ఇన్నాళ్ళూ చేశావు, చాల్లే. ఇది నా డ్యూటీ" అందట. ఆ మనిషి కదల్లేదు. దారి సన్నం. పిన్ని ఆమెను రాసుకుంటూ దాటి పైకి వెళ్ళింది.

"మొహం చూశావా?" అంది అమ్మ.

"తల వంచుకుని దాటాను."

"తగిలిందా?"

"చల్లగా ఉంది. వానలో నానిన గోడలా."

ఆ రోజు డబ్బాలో నూటతొంభై రెండు మిల్లీమీటర్లు ఉన్నాయి. తర్వాత వాన పడ్డ ఏ వారమూ డబ్బా ఖాళీగా లేదు. పిన్ని ఇంకో ఆరేళ్ళు ఎక్కింది. ముందెవరూ కనబడలేదట. వెనక అడుగులు వినిపించేవి. తిరిగి చూడాలనిపించేది కాదట.

కొండ మీద ఇప్పుడు దానంతట అదే లెక్క పంపే యంత్రం ఉంది. పిన్ని మా ముందు గదిలో అమ్మకు గుండీలు కుట్టి పెడుతూ ఉంటుంది. ఒక్కో సోమవారం పొద్దున పది దాటాక, ఒకప్పుడు శిఖరం చేరే వేళకు, కుర్చీలో కూర్చున్న మనిషికి ఊరికే ఆయాసం వస్తుంది. పిక్కలు బిగుసుకుంటాయి, నుదుట చెమట. డాక్టరు రెండుసార్లు పరీక్ష చేసి గుండె బాగుందన్నాడు. అమ్మ మిషను ఆపి, ఆమె కాళ్ళ కింద పీట పెట్టి, పిక్కలు ఒత్తుతుంది. ఆ వేళప్పుడు బట్టలు కుట్టించుకోవడానికి ఎవరైనా వస్తే తర్వాత రమ్మని నేను చెప్పి పంపేస్తాను.