సాంచల షెడ్డులో పెదవుల మాట

మా ఏడో తరగతి పిల్లలను కోరుట్ల నుంచి సిరిసిల్లకు విజ్ఞానయాత్రకు తీసుకుపోయాను. దారిలో కొండగట్టు కోతులకు పులిహోర పొట్లాలు సమర్పించుకుని, నాతో తిట్లు తిని, మధ్యాహ్నానికి మరమగ్గాల షెడ్డులో పడ్డారు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. సాంచలు నడుస్తుంటే నా అరుపు నాకే వినపడలేదు. పనివాళ్లు ఆ మోతలో గొంతు వాడరు. ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు.

ఒక ముసలాయన నావైపు చూస్తూ పెదవులు కదిపాడు. మర్యాదకు తలూపాను. మళ్లీ అదే కదిపాడు. మా పిల్లల్లో ఒకమ్మాయి సిరిసిల్ల నేతవాళ్ల బిడ్డ. ఏమంటున్నాడో చెప్పమని ఆమెకు సైగ చేశాను.

అంతలో కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ముసలాయన పెదవులు ఆగలేదు. అంత నిశ్శబ్దంలోనూ ఆయన గొంతు బయటికి రాలేదు.

"అన్నం తిన్నవా అని అడుగుతుండు సార్," అంది అమ్మాయి.

"తిన్నానని చెప్పు."

"మిమ్ముల కాదు సార్. మీ ఎనుక సాంచ మీదున్నాయినను."

తిరిగి చూశాను. అక్కడ దుమ్ము పట్టిన సాంచ ఒక్కటే ఉంది, మనిషి లేడు.

"గా సాంచ నడిపినాయిన సచ్చిపోయి ఏడాదాయె సార్," అన్నాడు షెడ్డు యజమాని మెల్లగా. "ఇద్దరు ఎదురెదురు పన్జేసెటోళ్లు."

కరెంటు వచ్చింది. మళ్లీ మోత మొదలైంది. అమ్మాయి నా భుజం మీదుగా వెనక సాంచ వైపు కాసేపు చూసి, నా చెవిలో అరిచింది.

"తినలేదంట సార్!"