ముంచింగిపుట్టుకు మూడు సన్యాసి పీతలు

ముంచింగిపుట్టు బాలికల ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పే మిత్రుడు ఉత్తరం రాశాడు: "సముద్రజీవులు తిండిని ఎలా పసిగడతాయో పాఠం ఉంది. మా పిల్లలెవరూ సముద్రం చూడలేదు. ప్రాణంతో ఉన్నదేదైనా పట్టుకురా." విశాఖలో జువాలజీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ బరువు నా నెత్తిన పడింది. 2002 శీతాకాలం. రాళ్ళ గుంటల్లో మూడు సన్యాసి పీతల్ని, అంటే శంఖంలో దూరి తిరిగేవాటిని ఏరి, మూత బకెట్‌లో సముద్రపు నీళ్ళతో సహా పెట్టాను. తెల్లవారుజామున ఐదున్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే పాడేరు చేరేసరికి పది. టికెట్టు నలభై చిల్లర. అక్కడ జీపు నిండితేగాని కదలదు. గంటన్నర ఆగి, ఇరవై రూపాయలిచ్చి, బకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కున్నాను.

"ఏటి సారూ ఆ బకెట్టులో? నీసుకంపు కొడతంది," అన్నాడు డ్రైవరు.

"సన్యాసి పీతలు."

"సన్నాసులకి నీసు కంపేటండీ!" జీపంతా నవ్వింది.

రెండు గంటల తర్వాత బడి చేరాం. చల్లగా ఉంటుందని బకెట్‌ను వంటింటి వరండాలో పెట్టాను. మర్నాడు పొద్దున ఆరున్నరకు మూత తీస్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పీతలు శంఖాల్లోంచి సగం బయటికి వేలాడుతున్నాయి.

"నీల్లు కంపుకొడతంటే పారబోసీసి ఊటనీల్లు పోసినాను సారూ," అంది వంటమనిషి చిలకమ్మ. "పాపం, ఎన్ని దినాలనుంచి ఆ మురికిల ఉన్నాయో!"

ఉప్పునీటి జీవిని మంచినీళ్ళలో వేస్తే ఆ నీరు ఒంట్లోకి చొరబడి ప్రాణం తీస్తుంది. నాకు ఒళ్ళు మండింది. "చంపేశావు కదమ్మా," అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అవేం నీళ్ళో నేనెవరికీ చెప్పలేదు.

కాసేపటికి తనే అడిగింది. "సంద్రం ఎంత ఉప్పగుంటాది సారూ?"

"నోట్లో పోసుకుంటే ఉమ్మేసేంత."

కల్లుప్పు గుప్పిళ్ళతో తెచ్చి, ఊటనీళ్ళు పోసిన బేసిన్‌లో కలిపింది. నేను రుచి చూడటం, చాలదనడం, ఆమె మరో గుప్పెడు వేయడం. చివరికి నా నాలుక ఒప్పుకుంది. ఆమె కూడా చూసి ఉమ్మేసింది. "ఇందల ఎలా బతుకుతాయి సారూ!"

పీతల్ని అందులోకి మార్చాం. రెండు కదలలేదు. మూడోది ఎనిమిదింటికి కాళ్ళు లోపలికి లాక్కుంది.

పదింటికి క్లాసులో ఎండుచేప ముక్కను దారానికి కట్టి నీళ్ళలో వదిలాను. నీళ్ళలో వాసనంటే కరిగిన పదార్థమేననీ, పీతకు ముక్కుండదనీ, తలమీది చిన్న మీసాలను విదిలించి వాసన పట్టి, కాళ్ళ కొసలతో రుచి చూస్తుందనీ, సొరచేపైతే ఎర ఒంట్లోని సన్నని విద్యుత్తును కూడా కనిపెడుతుందనీ చెప్పాను. చెప్పాల్సిందంతా అయిపోయింది. పీత కదల్లేదు. చిలకమ్మ పొయ్యి వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడు మీసాలు అదిరాయి. పీత ఇటు తిరిగింది, ఒక్కో కాలే ఈడ్చుకుంటూ వెళ్ళి ముక్కను పట్టుకుంది.

"తినీసింది!" అని చిలకమ్మ గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చేసింది.

మధ్యాహ్నం జీపెక్కుతుంటే చిలకమ్మ అడ్డాకులతో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది. చచ్చిన రెండూ అందులో ఉన్నాయి. "ఇయ్యి కూడా దాని తోటే ఒగ్గీండి సారూ. ఆటి ఊరు అదే కదా. బేగి వెల్లండి."

చచ్చినవాటిని ఫార్మలిన్‌లో వేయడమే నాకు తెలిసిన మర్యాద. అయినా మర్నాడు మూడింటినీ రాళ్ళ గుంటలోనే వదిలాను. మీరూ ఇలా ఏదైనా జీవిని తీసుకెళ్తే, ఇంకో డబ్బా సముద్రపు నీళ్ళు ఉంచుకోండి, దిగగానే వంటమనిషికి ఆ నీళ్ళ సంగతి చెప్పండి. సన్యాసి పీత తన గూడు తాను కట్టుకోలేదు. సాటి పీత చచ్చిన వాసన తగిలితే, శంఖం ఖాళీ అయిందని వెతుక్కుంటూ వస్తుంది. నేను వదిలిన పావుగంటలో రాళ్ళ కింద నుంచి నాలుగైదు వచ్చాయి. ఒకటి చిలకమ్మ పంపిన శంఖంలోని చచ్చినదాన్ని బయటికి లాగేసి, ఆ శంఖాన్ని కాళ్ళతో కొలిచి, పాతది వదిలి అందులో దూరింది. ఆ సంగతి ఆమెకు చదివి వినిపించమని మిత్రుడికి కార్డు రాశాను.