మళ్లీ అడగమన్న షహనాజ్ ఆపా

మొన్న గోదావరిఖని కూరగాయల మార్కెట్లో ఒక ముసలమ్మ సోయకూర కట్టలు విప్పి నీళ్లు చల్లుతోంది. ఆ పచ్చి వాసన తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చుట్టూ ఆటోల హారన్లు, ఎండ, బొగ్గు దుమ్ము. నాకు మాత్రం కిటికీ అద్దాల మీద మంచు పేరుకున్న ఒక హాస్టల్ వంటగది కనిపించింది. పొయ్యి ముందు దుపట్టా నడుముకు బిగించి, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పాఠ్యపుస్తకం పట్టుకుని నిలబడ్డ షహనాజ్ ఆపా కనిపించింది. కూర కొనకుండానే చాలాసేపు అక్కడ నిలబడ్డాను. ముసలమ్మ తీసుకుంటావా లేదా అని విసుక్కుంది. ఆపాను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పాలని ఆ రోజే అనుకున్నాను.

ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమెది రామగుండం. వాళ్ల అబ్బా, అంటే నాన్న, స్టేషను దగ్గర రేకుల షెడ్డులో లేత్ మిషను నడిపేవాడు. డెబ్బైల మొదట్లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద సోవియట్ దేశంలోని దొనెత్స్క్ అనే బొగ్గు పట్టణానికి వెళ్లి, గనుల్లో వాడే యంత్రాల విద్య చదవసాగింది. రెండేళ్ల తర్వాత నాకూ అక్కడే భూగర్భశాస్త్రంలో సీటు వచ్చింది. మా బాపు గనిలో బొగ్గు నింపే కార్మికుడు. మేముండే క్వార్టర్ల లైను మొత్తం వద్దంది. ఆడపిల్లను గంత దూరం తోలుడేందని మా కాక వాకిట్లో కూర్చుని పొద్దంతా గొడవపడ్డాడు. బాపు బీడీ ఆర్పి ఒకే మాట అన్నాడు. "నేను రోజూ భూమి లోపటికి పోయి వస్తలేనా? అది భూమి మీదనే పోతాంది గదా." కాక తువ్వాల దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

దొనెత్స్క్ స్టేషనులో దిగేసరికి, తన వైపు పిల్ల వస్తోందని కాలేజీలో విని ఆపా ప్లాట్‌ఫాం మీద నా కోసం చూస్తోంది. అంతకు ముందు ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నా భుజాల మీది పలచటి శాలువా చూసి, తన ఓవర్‌కోటు విప్పి నాకు తొడిగి, తాను స్వెటర్‌తోనే ట్రామ్ దాకా నడిచింది. హాస్టల్లో వారం రోజులు నాకు ఏదీ గొంతు దిగలేదు. రొట్టె పులుపు, సూపు చప్పన. పడుకుని ఏడుస్తుంటే ఆపా గిన్నె పట్టుకొచ్చి మంచం మీద కూర్చుంది. ఆలుగడ్డల పులుసు, మీద సన్నగా తరిగిన ఆకు. "వాసన సూడే. గిది మన సోయకూరనే. మా అమ్మీ పప్పుల ఏస్తది. వీళ్లు అన్నిట్ల ఏస్తరు, గంతే తేడా" అంది. రెండు చెంచాలు తిన్నాక, ఏడుపు తప్పు కాదని, కానీ ఏడ్చినన్ని రోజులూ రష్యన్ వ్యాకరణం ఆగిపోతుందని చెప్పి, పుస్తకం నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

మా దినచర్య పెద్ద వింతేమీ కాదు. పొద్దున్నే గడ్డకట్టిన రోడ్డు మీద జారుతూ క్లాసులకు పరుగు, మధ్యాహ్నం క్యాంటీన్ క్యూ, సాయంత్రం లైబ్రరీ, ఆదివారం బట్టలు ఉతుక్కోవడం. తెలుగులో మాట్లాడుకోవడానికి మేమిద్దరమే. మనవాళ్లు ఇంకో నలుగురైదుగురు ఉన్నా, అందరూ వేరే రాష్ట్రాల అబ్బాయిలు. వాళ్లకు ఆపా అంటే కొంచెం భయం, కొంచెం కోపం. క్లాసులో అర్థం కాకపోతే ఆమె చెయ్యి దించేది కాదు. ప్రొఫెసరు విసుగుపడినా మళ్లీ అడిగేది. ఇండియా పరువు తీస్తున్నావని ఒకడు అంటే, అర్థం కాకున్నా తల ఊపేసి, రేపు పరీక్షలో తప్పితే పోయేది ఎవరి పరువని నవ్వుతూనే అడిగింది.

మొదటి శీతాకాలం సెలవుల్లో తాష్కెంట్ చూడాలని ఆమె పట్టుబట్టింది. ఆ రోజుల్లో విదేశీ విద్యార్థి ఊరు దాటాలంటే అనుమతి కావాలి. విదేశీ విద్యార్థుల ఆఫీసులో కుదరదన్నారు. ఇద్దరాడవాళ్లు ఒంటరిగా అంత దూరమా అన్నారు. నేను వదిలేద్దామన్నాను. మరునాడు ఆపా మళ్లీ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్లింది. ఎందుకీ తిప్పలు ఆపా అని అడిగితే మెట్ల మీద ఆగి నా వైపు తిరిగింది.

"సూడు కనకా, మనం అడుగుడు బంద్ జేస్తే వాళ్లకు ఫికరే ఉండదు. కాదు అనే మాట ప్రతిసారి వాళ్ల నోటితోని అనిపియ్యాలె. అనంగ అనంగ వాళ్లకే సిగ్గయితది."

సిగ్గయిందో, ఆమె పోరు పడలేకపోయారో, అనుమతి ఇచ్చారు. రైల్లో రోజుల తరబడి మంచు మైదానాలు, తర్వాత ఇసుక నేలలు. తాష్కెంట్ బజారులో ఆపా దానిమ్మల కుప్ప చూసి అనార్ అంది. అమ్మే ముసలాయన కూడా అనార్ అన్నాడు. ఆమె ఉల్లిగడ్డలు చూపి పియాజ్ అంటే ఆయనా అదే మాట అన్నాడు. నాన్, కితాబ్, దోస్త్ అంటూ ఇద్దరూ మాట మీద మాట పేర్చుకున్నారు. రామగుండంలో వాళ్లింటి గడప లోపల మాట్లాడే భాష ఇంత దూరం నడిచి వచ్చిందని ఆమె ముఖం వెలిగిపోయింది. మీతో వచ్చిన మగవాళ్లేరని ఆయన సైగలతో అడిగాడు. ఆపా దానిమ్మ వలుస్తూ, ఎవరూ లేరని, రావలసిన అవసరం పడలేదని చెప్పింది.

నా మూడో ఏడాదిలో గని శిక్షణ వచ్చింది. ఆపాకు అది చివరి ఏడాది. ఇద్దరికీ ఒకే గని. అబ్బాయిలు కిందికి దిగాలి, మేమిద్దరం పైన మ్యాపుల గదిలో కూర్చోవాలి అన్నారు. మన అబ్బాయిల్లో పెద్దవాడు, మన దేశంలో ఆడవాళ్లను గనిలోకి చట్టమే పోనివ్వదు, ఇక్కడ దిగి ఏం చేస్తారని నవ్వాడు. ఆపా మాత్రం రోజూ షిఫ్టు మొదలయ్యే ముందు, కార్మికులంతా నిలబడి ఉన్నప్పుడే గని అధికారి ముందుకు వెళ్లి, మమ్మల్ని ఎందుకు దింపరని అందరికీ వినిపించేలా అడిగేది. ఆయన కాదనేవాడు. మేము మ్యాపుల గదికి పోయేవాళ్లం. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆపా పెన్సిల్ చెక్కుకుంటూ, రేపు గొంతు ఇంకొంచెం పెంచాలని అనేది.

అక్కడ కిందికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసేవాళ్లంతా పెద్ద వయసు ఆడవాళ్లు. యుద్ధం తర్వాత మగవాళ్లు తిరిగి రాని రోజుల్లో ఆ గనిలో బొగ్గు తవ్విన చేతులవి. ఒకరోజు అధికారి మళ్లీ కాదన్నప్పుడు, వాళ్లలో ఒకామె రెండు దీపాలు తీసి గట్టు మీద పెట్టి మా వైపు జరిపింది. ఆయన ఆమెనూ దీపాలనూ కాసేపు చూసి, ఫోర్‌మన్ పక్కనే ఉండాలి, ఎటూ కదలకూడదు అని ముఖం తిప్పుకున్నాడు.

పంజరంలాంటి లిఫ్టు కిందికి జారింది. లోపల కప్పుకు ఊతంగా నిలిపిన కర్ర దిమ్మెలు, పైనుంచి కారే నీళ్లు, వంగి నడవాల్సిన దారి. ఒకచోట ఫోర్‌మన్ అందరినీ దీపాలు ఆర్పమన్నాడు. అలాంటి చీకటి నేను ఎన్నడూ చూడలేదు. నా చెయ్యి నాకే ఉందో లేదో తెలియలేదు. కళ్లు తప్ప ఒళ్లంతా నల్లగా ఇంటికొచ్చి, లోపల ఎట్లుంటదని అడిగితే ఏముంటది బిడ్డా అని బువ్వకు కూర్చునే మా బాపు గుర్తొచ్చాడు. నా వెక్కు ఆపాకు వినిపించినట్టుంది. చీకట్లోనే నా భుజం దొరకబుచ్చుకుంది.

"మీ బాపు చెప్పనిది గిదేనే. ఇప్పుడు నీకు ఎరుకయింది. ఇగ దీన్ని ఎవడూ గుంజుకోలేడు."

చదువులు ముగిశాక ఒకరి వెనక ఒకరం ఇంటికి తిరిగొచ్చాం. నాకు ఒక గని ఆఫీసులో, కిందికి దిగకుండా పైనే, మ్యాపులు గీసే ఉద్యోగం దొరికింది. ఆపాను ఇంటర్వ్యూకు పిలిచిన చోటల్లా రాత్రి డ్యూటీ ఎవరు చేస్తారని అడిగారు. నేనే అంది. తీసుకోలేదు. పాఠాలు చెప్పుకోమని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఆమె వాళ్ల అబ్బా షెడ్డులోనే కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు తెరిచింది. పొలం మోటరు బండి మీద వేసుకొచ్చిన రైతు లోపలికి తొంగిచూసి, మెకానిక్ లేడా అమ్మా అని అడిగేవాడు. "ఉన్నది. మోటరు దించు" అనేది ఆపా. కొన్నాళ్లకు ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఆమె దగ్గర పని నేర్చిన ఆడపిల్లలు ఇప్పుడు సొంత షాపులు నడుపుతున్నారు. కిందటి వానాకాలంలో ఆపా కన్నుమూసింది. ముందురోజు దాకా షాపులోనే ఉంది.

నేను రిటైరయ్యేదాకా కొత్త మేనేజరు వచ్చినప్పుడల్లా వెళ్లి, నన్ను కిందికి పంపమని అడిగాను. ఒకరు నవ్వారు, ఒకరు చట్టం చదివి వినిపించారు, ఒకరు మాత్రం తల దించుకుని కాదన్నారు. నేను ఉద్యోగం దిగిపోయాక ఆ నిబంధన మారింది. ఇప్పుడు ఆడపిల్లలు గనిలోకి దిగుతున్నారు. మా వీధి పిల్ల ఒకతి ఇంజనీరుగా మొదటి షిఫ్టుకు పోతుంటే చూశాను.

పోయిన నెల నేనూ మా బాపు గని ఆఫీసుకు వెళ్లాను. ఆయన పనిచేసిన చోటు ఒక్కసారి దిగి చూడనివ్వమన్నాను. మేనేజరు కుర్చీలో ఉన్న అబ్బాయి లేచి నిలబడి, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా, ఈ వయసులో కుదరదు మేడం అన్నాడు. సరే బాబూ, వచ్చే నెల మళ్లీ వస్తానన్నాను. అతను హాస్యమనుకుని నవ్వాడు. చాయ్ తాగి, ఏ రోజుల్లో సీట్లో ఉంటాడో కనుక్కుని వచ్చాను.