స్ట్రాబెర్రీల లారీకి ఆదివారం సెలవు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, దేవుడి మనసులో ఏముందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చర్చి సంఘం చిన్నదే అయినా, ఆదివారం బడిలో వాక్యం కంఠతా చెప్పి గెలిచిన స్టీలు గిన్నెలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి (పెరుగు వాటిలోనే తోడుపెడతాం). ఏడేళ్ళకే సంఘం నాటికలో వేషం కట్టాను. ఏ వేషమో తర్వాత చెబుతాను. ఆరాధనలో డోలక్ నాది. అలాంటివాడికి ఎల్బీనగర్‌లో, స్వీట్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉద్యోగం దొరికింది, అదీ ఆదివారం డ్యూటీతో.

పోలండ్‌లో ఒక లారీల కంపెనీ, జర్మనీలో ఒక లారీల కంపెనీ ఒప్పందం చేసుకున్నాయి. పోలండ్ నుంచి పండ్లు తీసుకెళ్ళిన లారీ ఖాళీగా తిరిగి రాకుండా జర్మనీ నుంచి వాషింగ్ మెషీన్లు ఎక్కించుకుని రావాలి. ఏ లారీకి ఏ సరుకు జత కలపాలో చూసేది మా ఆఫీసు. విజయవాడ దాటి ఎరగని నేను రెండు దేశాల మధ్య పెళ్ళిళ్ళ పేరయ్యనన్నమాట. మా మేనేజరు కర్మన్‌ఘాట్ మనిషి. ప్రతి మాటకూ ముందు 'జర' తగిలిస్తాడు కాబట్టి జర సార్ అనుకునేవాళ్ళం.

నేను లేని ఆదివారాల్లో డోలక్ మా బావ వాయించేవాడు. ఆయన తాళానికి పాడలేక అక్కలంతా మధ్యలోనే ఆమెన్ చెప్పేస్తున్నారని కబురు వచ్చినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. సరిగ్గా అప్పుడే నిబంధనల కాగితంలో ఒక వాక్యం కనబడింది: జర్మనీలో ఆదివారం రాత్రి పది దాకా పెద్ద లారీలు రోడ్డెక్కకూడదు. నా కళ్ళు చెమర్చాయి. ఎంత భక్తిగల దేశం! కాగితం పట్టుకుని జర సార్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన తల గోక్కుని, "జర ఇను తమ్మీ. లారీలే పండుకుంటే నువ్వొచ్చి ఏం జేస్తవ్? పో, నీ ప్రార్థన నువ్వు చేస్కో. ఫోన్ మాత్రం దగ్గర పెట్టుకో. ఒక్క లారీ ఆగమైందనుకో, మల్ల నీ ఆదివారాలన్నీ నావే" అన్నాడు.

ఆ ఆదివారం సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. లారీలు కూడా విశ్రాంతి దినం పాటించే దేశం ఉందనేసరికి హల్లెలూయాలతో పైన రేకులు అదిరాయి. పాస్టరుగారు తన ప్రసంగంలో కూడా ఆ లారీలను రెండుసార్లు తలుచుకున్నారు. సరిగ్గా మూడో పాటకి ఒళ్ళో డోలక్, జేబులో ఫోను ఒకేసారి మోగాయి. స్ట్రాబెర్రీలతో సరిహద్దు దగ్గరున్న పోలండ్ డ్రైవరు, పోనివ్వనా అని మెసేజ్‌లో అడుగుతున్నాడు. 'ఈరోజు ఆదివారం. విశ్రాంతి తీసుకో. దేవుడు నిన్ను దీవించుగాక' అని ఒంటి చేత్తో కొట్టి పంపాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఒక ఆత్మను దారిలో పెట్టిన సంతోషంతో డోలక్ ఇంకాస్త గట్టిగా వాయించాను.

సోమవారం తెల్లారే సంతకు అందాల్సిన స్ట్రాబెర్రీలు సంత ముగిశాక చేరాయి. కొనాల్సినవాళ్ళు వద్దంటే జాం చేసేవాళ్ళకి ఇచ్చేశారు. వాషింగ్ మెషీన్లు ఇంకెవరి లారీలోనో వెళ్ళిపోయాయి. మన లారీ ఖాళీగా ఇంటికొచ్చింది. జర సార్ అదే కాగితం రెండో పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. త్వరగా పాడయ్యే పండ్లకు ఆదివారం మినహాయింపు ఉందట.

"జర చెప్పు తమ్మీ, గీ పేజీ ఎందుకు సదవలే?"

"మొదటి పేజీ అంత బాగుంది సార్. ఇక చదవాలనిపించలేదు."

ఉద్యోగం పోలేదు, ఆదివారాలు పోయాయి. ఊరట ఏమిటంటే, ఆ డ్రైవరు ఒక ఫోటో పంపాడు: చిన్న చర్చి ముందు ఆయన, చేతిలో టోపీ. ఆఫీసువాళ్ళు విశ్రాంతి తీసుకోమనడం తన సర్వీసులో ఇదే మొదటిసారని కింద రాశాడు. దాన్ని మా పెద్దమ్మకి చూపించి సానుభూతి కోసం ఎదురుచూశాను. ఆదివారం బడిలో నాకు వాక్యం నేర్పింది ఆవిడే. ఫోటో చూసి, నా కథంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఒరే, విశ్రాంతి దినమైనా సరే, గుంటలో పడ్డ ఎద్దును పైకి తీస్తారని చెప్పానా లేదా? పాడైపోయే పండ్లూ అంతేగా. ఇంకెవరికీ తెలియకపోయినా నీకు తెలియాలి కదరా. ఆ ఎద్దు వేషం వేసిందే నువ్వు."

ఏడాది తర్వాత నా డోలక్ నాకు దక్కింది. ఇప్పుడు జర సార్ కుర్చీలో నేనున్నాను. ఆదివారాలు అందరికీ వంతుల వారీగా పంచుతాను, కొత్తగా చేరినవాళ్ళ చేత రెండో పేజీ ముందు చదివిస్తాను. అప్పుడప్పుడు ఆ నాటిక గుర్తొస్తుంది. వెనక తువ్వాలు తోక కట్టుకుని బెంచీల మధ్య పడుంటే నలుగురు నన్ను తాడేసి లాగుతున్నారు, నేను అంబా అంటున్నాను, సంఘమంతా చప్పట్లు. ఆ కథ ఎందుకు చెప్పారో అక్కడున్న అందరూ విన్నారు. నేను మాత్రం నా అంబా ఎంత బాగా వచ్చిందో విన్నాను.