అక్క ముందుగా చాపిన వేలు

మా పెద్ద తోడికోడలు మొన్న తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. కాఫీ గ్లాసు పట్టుకుని లేపబోయాను. చేయి చల్లగా తగిలింది.

నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరికి నేను కోడలిగా వచ్చేసరికే ఆమె ఎడమకాలు మోకాలి దాకా వాచిపోయి ఉంది. బోదకాలు. దాన్ని ఈడ్చుకుంటూనే రొయ్యలు ఎండబోసేది. వాలిన పక్షులతో, "తినండమ్మా, మాక్కూడా రవ్వంత మిగల్చండి" అనేది. సాయంకాలం వెలుతురు పలచబడే వేళ సరస్సులో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. "నీళ్లలో దీనికి బరువుండదే పాపా" అనేది నాతో, కలలో మాట్లాడుతున్నట్టు.

నా పెళ్లయిన కొత్తలో బోదకాలు పరీక్ష చేసే డాక్టరుగారు మా ఊరు వచ్చారు. ఆ రోగం తెచ్చే పురుగు పగలు రక్తంలో కనపడదట, జనం పడుకునే వేళకే పైకి వస్తుందట. అందుకని లాంతర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రక్తం తీసి అమ్ముకుంటారని ఊళ్లో తలుపులు వేసుకున్నారు. అక్క మాత్రం గడప మీద కూర్చుని వేలు చాపింది. ఆమెను చూసి మేమూ చాపాము.

మర్నాడు తెలిసింది, అక్క రక్తంలో పురుగు లేదు. ఏ వాపూ లేని నా భర్త రక్తంలో ఉంది.

"కాలు వాచినవాళ్లలో చాలామందికి రక్తంలో కనపడదమ్మా. వాపు రాకముందే కనిపెట్టాలి" అని డాక్టరుగారు మాత్రలు ఇచ్చారు.

నా భర్త నవ్వేశాడు. "సరస్సంతా ఈదతా ఉండాను. నాకేంది రోగం?"

అక్క కాలి మీది చీర పైకి లాగింది. మగవాళ్ల ముందు ఆమె అలా చేయడం అదే మొదలు. "ఒకప్పుడు నేనూ నీ మాదిరే ఉన్నాను అబ్బయ్యా. అప్పుడు నాకెవురూ చెప్పలా. నీకు చెప్పేదానికి వచ్చినారు. మింగు."

మింగాడు. ఆ రాత్రి ఒళ్లు కాలిపోయింది. విషం పెట్టారన్నారు ఇరుగుపొరుగు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క అతని నుదుట తడిగుడ్డ వేస్తూ, "ఏడవబాకే. లోపల పురుగు చస్తా ఉంటే జ్వరం వస్తాదని డాక్టరు ముందే చెప్పినాడు" అంది. తెల్లారేసరికి జ్వరం దిగింది.

ఆ తర్వాత ఏటా వచ్చి రక్తం చూసేవారు. ఒకసారి పక్కింటాయన రక్తపు చుక్కను మైక్రోస్కోపులో అక్కకు చూపించారు. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. "ఎంత అందంగా ఈదతా ఉండాదో, ముదనష్టపుది!" అంది చివరికి.

నా భర్తలో ఇక పురుగు లేదని చెప్పిన రోజున అక్క ఊరంతా తిరుగుతూ చెప్పుకుంది. తన కాలి వాపు మాత్రం తగ్గలేదు.

మొన్న పాడె ముందువైపు నా భర్తే పట్టాడు. ఒడ్డు బురదగా ఉంటే వాళ్లు పలచని నీళ్లలోంచి నడిచారు. మంచులో పాడె, మనుషులు, సరస్సు అన్నీ కలిసిపోయాయి. నాకు చివరిదాకా కనిపించినవి అతని కాళ్లే. నీళ్లు చిమ్ముకుంటూ, ఒకదాని వెనక ఒకటి, తేలిగ్గా పోతూ ఉన్నాయి.